పెద్దల్లో కలవని బీరన్న

లింగాల పక్క పల్లెలో సిద్దమ్మ పుట్టింటి వసారాలో, దూలానికి కొట్టిన మేకుకు ఒక నల్లగొంగడి వేలాడుతుంటుంది. దాన్ని ఎవరూ కప్పుకోరు, ఎవరూ పారెయ్యరు. ఏటా ఒకసారి ఎండలో దులిపి, మడతల్లో వేపాకు పెట్టి మళ్లీ అక్కడే తగిలిస్తారు. చిమ్మటలు తిన్నచోటల్లా కొత్త ఉన్నితో కుట్టీ కుట్టీ, ఇప్పుడందులో పాత ఉన్ని జానెడు కూడా మిగల్లేదు. అయినా అది బీరన్న గొంగడే.

బీరన్న సిద్దమ్మకు ముత్తాత. ధాత కరువులో, అంటే ఇప్పటికి నూటయాభై ఏళ్ల కిందట, ఎర్రగుంట్ల రైలుస్టేషను నుంచి జొన్నలు వేసుకొని వస్తున్న బండ్లను పదిమంది అడ్డగించి దోచారు. అందులో బీరన్న ఒకడు. దొరల కోర్టు ఆయనకు ద్వీపాంతరం వేసింది. ఓడెక్కించి అండమాను దీవులకు పంపితే చచ్చేదాకా అక్కడే పడుండాలి. పెన్నేట్లో మోకాటి లోతు నీళ్లకే జంకే మనిషిని సముద్రం దాటించారు. వెనక ఆయన పెండ్లాం లింగమ్మ, ఐదేళ్ల కొడుకు గంగన్న మిగిలారు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్లందరికీ విస్తళ్లు వేసి, ఇంటికి పెద్ద అయిన మగవాడు ఒక్కొక్కరినే పేరుపెట్టి పిలిచి నీళ్లు విడుస్తాడు. అలా పిలిస్తేనే ఆ మనిషి పెద్దల్లో కలిసినట్టు. అయితే చావు కళ్లారా చూసినవాళ్లు చెప్పాలి, లేదా వాళ్ల నుంచి కబురు రావాలి. కబురు లేకుండా పేరు పిలవకూడదు. బతికున్నవాణ్ణి చచ్చినవాళ్లతో కలిపి పిలవడం కన్నా పెద్ద పాపం వాళ్ల లెక్కలో ఇంకోటి లేదు. అండమాను నుంచి కబురు రాలేదు. లింగమ్మ ఎనభై ఏళ్లు బతికి, తాళి మెడలో ఉండగానే పోయింది. పోయేముందు కోడలితో, "కబురొచ్చేదాకా ఆయన్ను పిలవొద్దు" అని గట్టిగా చెప్పి మరీ పోయింది.

"ఆ కాలంలో పుట్టినోడు ఇంగా యాడుంటాడత్తా? సముద్రంలో గొర్రెలు మేపుతాండాడా?" అని సిద్దమ్మ అన్నకొడుకు వెంకటకృష్ణ ఎగతాళి చేసేవాడు. వాడు ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు లారీ తోలుతాడు.

"లెక్క నాకూ తెల్సు లేరా. మూడో తరగతి సదివినా, నీ మాదిరి పదిలో మూడుసార్లు తప్పలేదు. లెక్కకు సచ్చినోడు యేరు, కబురొచ్చి సచ్చినోడు యేరు."

సిద్దమ్మతో మాట పెట్టుకొని నెగ్గినవాడు ఆ మండలంలో లేడు.

ఉగాదికి సిద్దమ్మ అన్న చిన్నసుబ్బయ్య మంచాన పడ్డాడు. ఎనభై నాలుగేళ్లు. పులివెందుల డాక్టరు చూసి, ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి అన్నాడు. ఆ మాటకు అర్థం ఎవరికి తెలియదు? యాభై ఏళ్లుగా ఆ ఇంట్లో పేర్లు పిలుస్తున్నది చిన్నసుబ్బయ్యే. ఆయన చెల్లెలి చేయి పట్టుకున్నాడు.

"సిద్దమ్మా, నా నోటితోనే ఆయప్పను పిలిచి పోవాల. నా కొడుకు పిలిచేదీ లేదు, అమావాస్య చేసేదీ లేదు. రేపు నేను ఆడికి పోతే లింగమ్మవ్వ మొదుట అడిగేది అదే గదా, కబురొచ్చిందా అని. ఏం చెప్పేది?"

అమావాస్యకు ఆరు నెలలు. సిద్దమ్మ సంచీ సర్దుకొని బస్సెక్కింది.

ముందు జమ్మలమడుగు పోయింది. అక్కడి సర్కారు ఆఫీసులో జయరామయ్య అనే గుమాస్తా కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, "అంత పాతవి ఈడ లేవవ్వా. మా తాత గూడా పుట్టలేదు అప్పుటికి" అన్నాడు.

"మీ తాత పుట్టింది నాకెందుకప్పా? కాగితాలు యాడుండాయో చెప్పు."

నవ్వి, పొద్దుటూరు కాలేజీలో చరిత్ర చెప్పే సుకన్య మేడం పాత రికార్డులు చదువుతుందని చెప్పాడు. సుకన్యది తెనాలి. మెత్తగా, తీరిగ్గా మాట్లాడుతుంది. ఎక్కడెక్కడో దాచిన దొరల కాలపు ఖైదీల పేర్ల పట్టీల ఫొటోలు కంప్యూటర్లోకి తెప్పించి, నాలుగు నెలలు వెతికింది.

"అమ్మా, ఆ కరువు మూడేళ్లలో పులివెందుల తాలూకా నుంచి అండమాను పోయినవాళ్లు నలభై ఒక్కరు. అందులో బీరన్న లేడండి."

"ల్యాకుండా యాడికి పోతాడు? మల్లా సూడు."

"మూడుసార్లు చూశానండి. ఇంకొకచోటికి రాసి అడుగుదాం. ఈ దరఖాస్తులో మీ వివరాలు కావాలి. మీ ఆయన పేరేంటి?"

సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యాభై ఐదేళ్ల కాపురంలో ఆ పేరు ఆమె నోట రాలేదు. ఆయన పోయి పదేళ్లయినా రాదు. "అదే, మా ఓబులేసోళ్ల ఇంటాయన" అంది.

సుకన్య రాసి, సంతకానికి కాగితం ముందుకు జరిపింది. సిద్దమ్మ సంతకం చేసేముందు ప్రతి అక్షరం కూడబలుక్కొని చదువుతుంది. అది ఆమె గర్వం. భర్త అన్నచోట ఓబులేసు అని ఉంది.

"అయ్యో నీ సదువు తగలెయ్య! కన్నకొడుకును నాకు మొగుణ్ణి జేస్తివే!"

సుకన్య సిగ్గుపడి కొట్టెయ్యబోయింది. సిద్దమ్మ ఆమె చేయి పట్టుకొని ఆపింది. ముఖంలో నవ్వు పోయింది.

"ఆగు బిడ్డా. ఆ పొద్దు సిపాయిలు ఇంటిమీదికి వచ్చి, దోచినోడు ఎవుడే, నీ మొగుడు పేరు చెప్పు అని లింగమ్మవ్వను అడిగింటారు. ఆయమ్మ మాత్రం పేరెట్ల చెప్తాది? గంగన్నోళ్ల నాయన అనింటాది. ఆ రాసేటోడు గూడా నీ మాదిరోడే అయింటాడు. గంగన్న ఉండాడేమో సూడు."

"తర్వాత కోర్టులో ఆయన్నే అడుగుతారు కదమ్మా, నీ పేరేంటని?"

"ఒకసారి కాగితంలో ఎక్కినాక ఎవురింటారు? నేను పుట్టింది ఆధార్‌లో జనవరి ఒకటో తేదీ అని ఏసినారు. తిరిగి తిరిగి చెప్పులరిగినాయి, మారిందా?"

పట్టీలో గంగన్న ఉన్నాడు. పులివెందుల తాలూకా, గొర్రెల కాపరి, వయసు ఇరవై తొమ్మిది, బండ్ల దోపిడీ, యావజ్జీవ ద్వీపాంతరం. ఆనవాళ్లు సుకన్య బయటికి చదివింది. "ఎడమ చెవి పై అంచు లేదు."

తోడేలు కొరికిన చెవి. సిద్దమ్మ జేజి, అంటే గంగన్న పెండ్లాం, చెప్పేది, మందలో దూరిన తోడేలుతో పెనుగులాడితే బీరన్న చెవి అంచు పోయిందని. సిద్దమ్మ కుర్చీలోంచి లేచి, ఆ కంప్యూటరు మీద అరచేయి ఆనించి అట్లాగే నిలబడింది. తండ్రి పేరు ఐదేళ్ల బిడ్డ మోస్తాడు కానీ, బిడ్డ పేరు మోసుకొని తండ్రి సముద్రం దాటడం ఆమె ఎక్కడా వినలేదు. అక్కడ ఆయన్ను రోజూ గంగన్నా అనే పిలిచి ఉంటారు. ఆ పిలుపు చెవిన పడ్డప్పుడల్లా ఏమనిపించి ఉంటుంది?

దీవిలో ఆయన ఏమయ్యాడో చెప్పే కాగితం రావడానికి ఇంకో ఐదు వారాలు పట్టింది. ఈలోగా చిన్నసుబ్బయ్య గంజి తప్ప ఏమీ మింగలేని స్థితికి వచ్చాడు. కాగితం వచ్చిందని ఫోను రాగానే సిద్దమ్మ పొద్దుటూరు పోయింది. అమావాస్య ఇక నాలుగు రోజులే.

సుకన్య నీళ్లిచ్చి కూర్చోబెట్టింది. సిద్దమ్మ ఆ నీళ్లు ముట్టలేదు.

"ఎనిమిదేళ్లు అడవిలో కట్టెలు కొట్టాడమ్మా. రెండుసార్లు కొరడా దెబ్బలు తిన్నాడు. తొమ్మిదో ఏట ఇంకో నలుగురితో వెదుళ్లతో తెప్ప కట్టుకొని పారిపోయాడు. పట్టుబడలేదు అని రాశారు."

"సచ్చింది ఎప్పుడు?"

"అది రాయలేదండి. ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ."

"తెప్పేసుకొని అంత సముద్రంలో యాడికి పోతాడు బిడ్డా? మునిగే గదా పోయేది?"

"మునిగే ఉంటాడమ్మా. కానీ చూసినవాళ్లు లేరు, రాసినవాళ్లూ లేరు."

సిద్దమ్మ జన్మలో ఎవరినీ బతిమాలలేదు. ఆ పొద్దు బతిమాలింది. "నువ్వు సదువుకున్నదానివి. నీ చేత్తో రాసియ్యి, సచ్చినాడని. మా యన్న మంచంలో ఉండాడు."

సుకన్య కళ్లు దించుకుంది. "నేను చూడలేదు కదమ్మా."

ఇంట్లో తరతరాలుగా తాము పట్టుకు వేలాడిన మాటే పరాయి పిల్ల నోట వచ్చేసరికి సిద్దమ్మ సంచీ తీసుకొని లేచింది. ఎర్రగుంట్ల మీదుగా బస్సు పోతుంటే కిటికీలోంచి సిమెంటు దుమ్ము ముఖాన కొట్టింది. ఆమె కిటికీ కూడా మూసుకోలేదు.

మంచం దగ్గర కూర్చోగానే అన్న అడిగాడు. "కబురొచ్చిందా?"

"వచ్చింది" అంది.

"ఎవురు జూసినారంట?"

ఎవరో ఒకరి పేరు చెబితే సరిపోయేది. దారంతా నాలుగు పేర్లు అల్లుకొనే వచ్చింది. అందరినీ కోసిపారేసే నాలుకకు ఆ అబద్ధం మాత్రం తిరగలేదు. "ఎవురూ జూల్లేదన్నా. తెప్పేసుకొని పారిపోయినాడంట."

చిన్నసుబ్బయ్య వసారా వైపు, గొంగడి ఉన్న దిక్కుకు తల తిప్పాడు. "ఇంటికే బయల్దేరినాడు గదా" అన్నాడు.

అమావాస్య నాడు ఆయన్ను వసారాలోకి మోసుకొచ్చి గోడకు ఆనించారు. చెంబు పట్టుకోలేడని వెంకటకృష్ణ నీళ్లు విడిచాడు. పేర్లు మాత్రం ఆయనే పిలిచాడు, ఒక్కో పేరుకు ఒక్కో ఊపిరి. తల్లి, తండ్రి, జేజి, తాత గంగన్న, లింగమ్మవ్వ. అక్కడ ఆగాడు.

"పిలు నాయనా. ఎవురడుగుతారు?" అన్నాడు కొడుకు మెల్లగా. ఈసారి వాడి గొంతులో ఎగతాళి లేదు.

ముసలాయన నోరు తెరిచి చెల్లెలి వైపు చూశాడు. ఆమె తల ఊపితే చాలు. సిద్దమ్మ మెడ ఇటూ కదల్లేదు, అటూ కదల్లేదు. ఆయన నోరు మూసుకున్నాడు.

"చెంబు దించురా" అన్నాడు.

దీపావళి దాటకుండానే ఆయన పోయాడు.

మరుసటి ఏడు అమావాస్య చేయడేమో అనుకున్న వెంకటకృష్ణే లారీ ఆపుకొని వచ్చి, స్నానం చేసి, చెంబు పట్టుకున్నాడు. చివరి విస్తరి ముందు చిన్నసుబ్బయ్య అని పిలిచి నీళ్లు విడిచాడు. తర్వాత మేకుకున్న గొంగడి వైపు చూసి, అత్త వైపు తిరిగాడు.

"ఇంగెవురన్నా ఉండారా అత్తా?"

లింగమ్మవ్వ మొదట అడిగే మాటకు అన్న అక్కడ ఏం బదులిచ్చాడో సిద్దమ్మకు తెలియదు. ఇక్కడ ఇవ్వడానికి తన దగ్గరా బదులు లేదు.

"అంతేరా" అంది. "చెంబు దించు."