నేను చూడలేదన్న సముద్రం

అమీర్‌పేట మార్కెట్లో ఎండుచేపల వాసన తగిలితే ఇప్పటికీ నాకు తల వంగిపోతుంది.

మా నాయన పంజగుట్టలో దర్జీ. నాకు ఏడేళ్లప్పుడు సముద్రం చూపిస్తానని వాల్తేరు తీసుకెళ్లాడు. హోటల్ మాకందదు, ఒక జాలరి ఇంటి అరుగు మీద పడుకున్నాం. పొద్దున్నే వాళ్లతో కలిసి వల తాడు లాగాం, ఇసుకలో కూర్చుని చద్దన్నం, చేపల పులుసు తిన్నాం. నీళ్లు ఉప్పగా ఎందుకున్నాయో నాకర్థం కాలేదు. నాయన బట్టలు కుట్టే దొర బంగళాలో అంతకుముందే సముద్రం పటం చూసి ఉన్నాను. అందులో ఒడ్డునిండా రంగుల గొడుగులు, కుర్చీలు. ఇక్కడ అవేవీ లేవు. అసలు సముద్రం ఎప్పుడు చూపిస్తాడా అని ఎదురుచూస్తుండగానే తిరుగు రైలెక్కించాడు.

పక్కింటి అత్తమ్మ అడిగింది. “సముద్రం ఎట్లున్నది బిడ్డా?”

“చూడలే అత్తమ్మా. చేపలోళ్లింట్ల ఉంచిండు.”

ఆమె నాయన వైపు తిరిగి నవ్వింది. “ఏందన్నా, సముద్రమని చెప్పి చెరువు కాడికి తీస్కపోయినవా?”

నాయన నన్ను చూశాడు. “పోరడు చిన్నోడు, పోనీ తియ్యి,” అని మిషన్ తొక్కసాగాడు.

గల్లీలో ఆయన్ని చాలా ఏళ్లు ‘చెరువు దర్జీ’ అన్నారు. పదేళ్లప్పుడే నాకు సంగతి అర్థమైంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. నవ్వినవాళ్లు ఇప్పుడెవరూ లేరు, ఆయనా లేడు. అయినా రాస్తున్నాను: మా నాయన నాకు సముద్రం చూపించాడు.