తైమి పెట్టిన మూడు గీతలు

చలిసీమ కైనూలో తుపాకి పట్టినవాళ్లందరికీ తైమి మోయిలానెన్ చేతిరాత తెలుసు. కొత్త పిస్టల్ ఏది వచ్చినా జిల్లా షూటింగ్ సంఘం ముందు ఆమె చేతిలోనే పెడుతుంది. ఆమె ఐదువందల తూటాలు కాలుస్తుంది. పేలకపోతే పుస్తకంలో ఒక గీత, ఇరుక్కుంటే ఒక గీత. మొహమాటం ఆవిడ ఇంటావంటా లేదు. సొంత తమ్ముడు తెచ్చిన పిస్టల్‌కు పదకొండు గీతలు పెట్టి, ఆ సాయంత్రం అతనింట్లోనే చేపల సూప్ తాగి వచ్చిన మనిషి. అలాంటివాళ్లంటే ఎవరికైనా కాస్త భయం, బోలెడు గౌరవం.

ఆ ఫిబ్రవరిలో వేసా తన పిస్టల్ తెచ్చాడు. తాళాలూ రంపాలూ బాగుచేసుకుని బతికే వేసా, ఆరేళ్లు కూర్చుని సొంతంగా చేసిన పాయింట్ టూ టూ అది. అడుగు అంచు మీద దెబ్బ పడితే పేలే చిన్న తూటాలు దానివి. చవకే గానీ మహా పెంకివి, వాటిని నమ్మకంగా పేల్చే పిస్టల్ చేయడం మాటలు కాదు. తైమి సరేనంటే జిల్లాలోని క్లబ్బులన్నీ తీసుకుంటాయి. కాదంటే వేసా మళ్లీ రంపాలకు పళ్లు నూరుకోవలసిందే.

ఆ రోజు సున్నాకు ఇరవై రెండు డిగ్రీలు కింద ఉంది. నూనె కూడా చిక్కబడే చలి కాబట్టి పిస్టల్‌ను పొడిగా తుడిచి మొదలుపెట్టింది. వంద, రెండు వందలు, మూడు వందలు. ఒక్క గీత పడలేదు. ఇరవై ఐదు మీటర్ల దూరంలోని కాగితం మీద చిల్లులన్నీ సాసరంత చోటులోనే పడుతున్నాయి.

పదకొండింటికి కాఫీ. మిన్ను విరిగి మీద పడ్డా అక్కడ అది ఆగదు. తుపాకిని ఒంటరిగా వదలకూడదు కనుక తైమి ఎప్పుడూ వసారాలోని చెక్కపెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. ఆ రోజు తాళం చలికి బిగుసుకుపోయింది. తూటాలు తీసేసిన పిస్టల్‌ను కాఫీ తాగే గదిలోకి తెచ్చి, పొయ్యి పక్క బల్ల మీద తన కళ్లెదురుగానే పెట్టుకుంది.

“ఏం తైమీ, దానికీ ఓ కప్పు పొయ్యమంటావా?” అన్నాడు సంఘం అధ్యక్షుడు ఎస్కో.

“నువ్వు ఆ బన్నుల్ని వదిలితే దానికీ మిగుల్తాయిలే.”

మళ్లీ బయటికొచ్చాక నాలుగో తూటాకే పిస్టల్ ఆగింది. పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి రాక ఇరుక్కుంది. ఎనిమిదోదీ అంతే. ఆ తర్వాతది తుస్సుమంది. మూడు గీతలు. వేసా మొహంలో నెత్తురు చుక్క లేదు.

“పాపం, చలికి ఆగలేదు. పనికిరాదని రాసెయ్, వేళ్లు కొంకర్లు పోతున్నాయి,” అన్నాడు ఎస్కో.

తైమి రాయలేదు. తూటాలు తీసేసి, చేతితొడుగు విప్పి, పిస్టల్ లోపల వేలితో తడిమింది. సన్నటి మంచుపొర గరగరా తగిలింది. వెచ్చటి గదిలో ఇనుము చెమర్చింది, చలిలోకి రాగానే ఆ చెమ్మ గడ్డకట్టింది. చలిలోంచి గదిలోకి రాగానే చెమర్చే కళ్లజోడు తుడుచుకునే ప్రతివాళ్లకూ అక్కడ తెలిసిన సంగతే. సిగ్గుతో ఆమె చెవులు మండిపోయాయి.

“పిస్టల్ తప్పు కాదిది. దీన్ని లోపలికి తీసుకుపోయింది నేను.”

ఎస్కో గొంతు తగ్గించాడు. “అయితే ఆ మూడూ కొట్టెయ్. మంచు తుడిచి మిగతావి కాల్చు. ముప్పై ఏళ్ల పేరు నీది. ఎవరు చూశారు?”

“నేను చూశాగా.”

గీతల పక్కనే రాసింది: ‘కారణం, పరీక్షించిన మనిషి అజాగ్రత్త.’ కింద సంతకం పెట్టి పుస్తకం వేసా చేతికిచ్చింది.

“రేపు మళ్లీ ఒకటి నుంచి మొదలు. నా మీద నమ్మకం పోతే ఇంకొకళ్లని పెట్టుకో. ఏమీ అనుకోను.”

వేసా ఆ ముక్క రెండుసార్లు చదివాడు. “ఇంకొకళ్లైతే నా పిస్టల్ ఈపాటికి మంచులో కలిసిపోయేది. ఎన్నింటికి రమ్మంటావో చెప్పు.”

మర్నాడు ఐదువందలూ కాల్చింది. నాలుగువందల పన్నెండోది పేలలేదు. వేసా ఊపిరి బిగబట్టి చూస్తుండగానే, ఏమాత్రం తడుముకోకుండా గీత పెట్టి, ‘కారణం, పిస్టల్’ అని రాసింది. జిల్లాలోని క్లబ్బులన్నీ దాన్ని తీసుకున్నాయి. రాసింది తైమి కనుక, ఆ గీత నిజంగా ఒక్కటేనని వాళ్లకు తెలుసు.