ఏడాది పచ్చడి

ఆవపిండి ఘాటు ముక్కుకెక్కగానే నాకు కళ్ళలో నీళ్ళొస్తాయి. అందరికీ వస్తాయనుకోండి, నావి మాత్రం ఘాటు తగ్గాక కూడా ఆగవు. ఇవాళ జగ్గయ్యపేటలో నా వంటింట్లో బేసిన్ ముందేసుకుని ఆవకాయ కలుపుతుంటే, సుగుణమ్మ టీచరు ఎదురుగా కూర్చుని "నూనె చాల్లేదే" అంటున్నట్టే ఉంది.

అమ్మమ్మ పోయాక నాకంటూ ఎవరూ మిగల్లేదు. పిల్లల సంక్షేమం చూసే ఆఫీసు మేడమ్ నన్ను బస్సెక్కించి, నందిగామలో టీచరుగారింట్లో దింపింది. "కొన్నాళ్ళు ఇక్కడుండమ్మా, తర్వాత చూద్దాం" అంది. తొమ్మిదేళ్ళదాన్ని. ఆ 'తర్వాత' అన్న మాటే చెవిలో ఉండిపోయింది. టీచరుగారు పెళ్ళి చేసుకోలేదు, ఒక్కరే ఉండేవారు. బీరువాలో నాకోసం ఒక అర ఖాళీ చేసి చూపిస్తే, "వద్దండి, వెళ్ళేప్పుడు మళ్ళీ సర్దుకోవాలి కదండి" అన్నాను. ఆవిడ బలవంతపెట్టలేదు. నా బట్టల సంచి మంచం కిందే ఉండేది. నేనూ చుట్టంలాగే మసలేదాన్ని. రెండోసారి అన్నం అడిగేదాన్ని కాదు, టీవీ పెట్టమనేదాన్ని కాదు. ఆవిడా చుట్టంతో మాట్లాడినట్టే మెత్తగా మాట్లాడేవారు. చుట్టమంటే ఎప్పటికైనా వెళ్ళేదే కదా. ఆ మెత్తదనం చూస్తేనే నాకు భయమేసేది.

ఎండాకాలం వచ్చింది. ఓ ఆదివారం చర్చి నుంచి వస్తూ మార్కెట్లో ఆగాం. రెడ్డిగూడెం వైపు నుంచి వచ్చిన కాయలు కుప్పలు పోసి ఉన్నాయి. ముక్కలు కొట్టే ఆయనకు టీచరుగారు ఎప్పటినుంచో తెలుసు.

"ఏంటి టీచరుగారూ, ఈసారి ఇన్ని కాయలు తీసుకున్నారు?"

"ఇద్దరమయ్యాం కదయ్యా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సెలవులకొచ్చిందా పాప?"

"సెలవులకొచ్చినోళ్ళకి ఏడాది పచ్చడి పెడతారా ఎవరైనా? నువ్వు టెంక ఊడకుండా కొట్టు ముందు!"

ఆవిడకది బేరం మధ్యలో అన్న మాట. నాకు మాత్రం కాళ్ళు నేల మీద ఆనలేదు. వచ్చే ఎండాకాలం దాకా ఆ ఇంట్లో నా వంతు అన్నం ఉందన్నమాట! ఇంటికొచ్చాక, ఆవిడ ముక్కలు తుడుస్తుంటే, నేను సంచిలోవన్నీ తీసి బీరువాలో కుక్కేశాను. ఆవిడ చూసి, "మడతలు ఇలాగేనా పెట్టేది, మొద్దుపిల్లా!" అని కసిరారు. నన్ను కసరడం అదే మొదలు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ పూట రెండోసారి అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాను.

'అమ్మా' అని ఎప్పుడు పిలవడం మొదలుపెట్టానో గుర్తులేదు. చదివించింది, నర్సును చేసింది, మడతల గురించి మాత్రం చివరిదాకా తిడుతూనే ఉంది. రెండేళ్ళ కిందట, పచ్చడి పెట్టిన నెలకే పోయింది. ఇద్దరికని పెట్టిన జాడీ, నేనొక్కదాన్నే తింటే ఇన్నాళ్ళూ వచ్చింది. పోయాక కూడా నాకు అన్నం తినిపించింది మా అమ్మ.

పొద్దున మార్కెట్లో కాయలు కొట్టే ఆవిడ "ఎంతమందికమ్మా?" అంటే "ఇద్దరికి" అన్నాను. వచ్చేవారం మా ఇంటికో పాప వస్తోంది. ఎన్నాళ్ళుంటుందని అడిగితే, ఆఫీసులో మళ్ళీ అదే మాట, "తర్వాత చూద్దాం" అన్నారు. వాళ్ళు చూసుకోనీ. నేనైతే ఏడాదికి సరిపడా కలిపి, జాడీకి వాసెన కట్టేశాను.