మెర్జింగ్ లేన్‌కు అడ్డంగా స్పీడ్ బ్రేకర్

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు నన్ను ఉత్తర చెన్నైకి రోడ్ల డివిజనల్ ఇంజనీరుగా వేశారు. హార్బరు నుంచి తొండియార్‌పేట మీదుగా వచ్చే కంటెయినర్ లారీలు ఎడమ పక్క నుంచి హైవేలో కలిసే చోటు నా పరిధిలోనే ఉండేది.

అక్కడొక మెర్జింగ్ లేన్ ఉంది. పక్కదారిన వచ్చే బండి హైవే బండ్ల వేగం అందుకుని, సందు చూసుకుని వాటిలో కలవడానికి వేసే అదనపు వరస అది. పాత లెక్కతో వేసింది కనుక పొట్టిది. ఇప్పటి కార్లకు చాలుతుంది గానీ లోడు లారీకి చాలదు. పైగా మన ఊళ్లో స్కూటర్లన్నీ హైవే ఎడమ అంచునే పోతాయి. లారీకి మొదట తగిలేది వాళ్లే.

నేను చేరిన కొత్తలో ఒక కారు అక్కడ స్కూటర్‌ను రాసుకుపోయింది. జనం రోడ్డు మీద కూర్చుని స్పీడ్ బ్రేకర్ అడిగారు. లేన్ మొదట్లోనే వేయించేశాను. అందరూ మెచ్చుకున్నారు. నన్ను నేనూ మెచ్చుకున్నాను.

ఒక ఆదివారం మా ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కొత్త కారు నడుపుతూ ఆ లేన్‌లోకి వచ్చింది. ముందున్న లారీ బ్రేకర్ దగ్గర దాదాపు ఆగిపోయింది.

"ఏమండీ, ఈడ బ్రేకు తొక్కాల్నా, యాక్సిలరేటర్ తొక్కాల్నా? ఎవడు వేసినాడీ దిబ్బ?"

"నేనే."

"బాగుంది. పరిగెత్తమని చెప్పి కాళ్లు కట్టేసినట్టుంది."

ఆ లారీ నడక వేగంతో హైవేలోకి దూరింది. అంచున వస్తున్న స్కూటరాయన దాన్ని తప్పించబోయి జారి పడ్డాడు. వ్యాసర్పాడిలో వెల్డింగు చేసుకునే మనిషి. కాలు విరిగింది. ఆసుపత్రికి మేమే తీసుకెళ్లాం.

మర్నాడు మా సూపరింటెండింగ్ ఇంజనీరు దగ్గరికి వెళ్లి బ్రేకర్ తీసేసి లేన్ పొడిగిద్దామన్నాను. ఆయనా మద్రాసు తెలుగాయనే.

"ఏమప్పా, తీసినాక ఎవడన్నా పోతే జవాబు నువ్వు చెప్తావా?"

"చెప్తాను సార్."

"వద్దులే. అది ఆడ ఉంటే మన మీద మాట రాదు. ఉండనీ."

ఉండనివ్వలేదు. ఉత్తర్వు లేకుండానే తవ్వించేశాను. మరమ్మతుల పని కింద పక్కనున్న మట్టి అంచును గట్టి చేయించి, లేన్‌ను హైవే పక్కనే చాలా దూరం సాగదీశాను. లారీ, స్కూటరు కొంతసేపు పక్కపక్కనే పోతూ ఒకరినొకరు చూసుకున్నాకే కలవాలని నా ఉద్దేశం.

ఛార్జి మెమో వచ్చింది. క్షమాపణ రాసిస్తే మూసేస్తామన్నారు. రాయలేదు. ఇంక్రిమెంటు ఆపారు. ఇవాళ అడిగినా మళ్లీ తవ్విస్తాను.

మెమోకు ఇచ్చిన జవాబులో ఒక మాట మాత్రం చేర్చాను: నా తప్పు బ్రేకర్ తీయడం కాదు, వేయడం. ఒకాయన కాలు విరిగింది దానివల్ల. వేసినందుకు నన్నెవరూ సంజాయిషీ అడగలేదు. వేగం అందుకోవలసిన చోట బండిని ఆపే ఇంజనీరు తన ఉద్యోగాన్ని కాపాడుకుంటాడు, రోడ్డు మీద మనిషిని కాదు. నేను నేర్చుకున్నది అదే, ఆలస్యంగా.