పొద్దున్నే పట్టిన జ్వరం మందు

ఏడేళ్ళుగా ఒక భయం నాతోపాటే తిరుగుతోంది. గల్లీలో ముందు పోయే ఆడమనిషి నడక, ఒకప్పుడు మా చాల్‌లో ఉన్న యాదమ్మ నడకలా అనిపిస్తే చాలు, నా కాళ్ళు ఆగిపోతాయి. ఆమె పక్కన కూతురు లేకపోతే? ఇది నా భర్తకు కూడా చెప్పలేదు. మొదటిసారి మీకే చెబుతున్నాను.

కామాటిపురలో, గదికో కుటుంబం ఉండే మా చాల్‌లో, పనికి పోయే తల్లులందరికీ లచ్చమ్మ పెద్దమ్మే దిక్కు. కింద తన ఖోలీలో, ఆ ఒక్క గదిలోనే, అయిదారుగురు పిల్లల్ని చూసుకునేది. ఆమెది ఒకటే షరతు. పొద్దున గుమ్మంలోనే ప్రతి పిల్ల నుదుటి మీదా చెయ్యి వేసి చూసేది; వెచ్చగా తగిలితే ఆ రోజుకు తీసుకునేది కాదు. మందు పడితే నాలుగు గంటలు ఒళ్ళు చల్లగా ఉంటుందని మా తల్లులందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనేవాళ్ళం కాదు.

నేను నాగ్‌పాడాలో సంచుల కార్ఖానాలో జిప్పులు కుట్టేదాన్ని. మూడు రోజులు రాకపోతే మిషన్ ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు నా కొడుక్కి ఏడాదిన్నర. జ్వరం, దగ్గు, కళ్ళు ఎర్రగా. వరసగా మూడు రోజులు ఏడింటికి మందు పట్టాను, ఎనిమిదింటికి పెద్దమ్మ ముందు నిలబెట్టాను. ఆమె చెయ్యి వాడి నుదుటి మీద ఉన్నంతసేపూ వాడు దగ్గకూడదని మొక్కుకునేదాన్ని. మామూలు జ్వరమే అనుకున్నానా? లేక అలా అనుకుంటే పనికి పోవచ్చని అనుకున్నానా? తొమ్మిదో నెల సూది, సెలవు దొరకక వేయించలేదని నాకు గుర్తుంది కదా. నాలుగో రోజు వాడి చెవుల వెనక ఎర్రగా పొక్కింది. తట్టు. ఆ సూది వేసేది దీనికే. ఎవరూ చూడకముందే దుప్పట్లో చుట్టి వర్లిలో మా అమ్మ ఇంటికి చేర్చాను. మనవణ్ణి చూడాలని అమ్మ అడిగిందని అందరికీ చెప్పాను. అమ్మకూ తన పనిలో పది రోజులకు మించి సెలవు దొరకలేదు.

పది రోజులకు యాదమ్మ కూతురికి తట్టు పోసింది. ఆ వెనకే ఇంకో ఇద్దరికి. యాదమ్మ వాళ్ళు పాలమూరు నుంచి కొత్తగా వచ్చి బిల్డింగు పనికి పోతున్నవాళ్ళు. చాల్ అంతా ఒకటే మాట, రోగం వీళ్ళే ఊరినుంచి తెచ్చారని. పెద్దమ్మ ఆ పిల్లను మళ్ళీ రానివ్వలేదు. నేను అక్కడే ఉన్నాను. అవునన్నట్టు తల కూడా ఊపాను. ఎందుకు ఊపాను? ఊరికే ఉన్నా సరిపోయేది. నన్నూ పొమ్మంటే బాబును ఎక్కడ పెట్టాలి అన్న భయం తప్ప ఆ పూట నా బుర్రలో ఇంకేమీ లేదు.

పూర్తిగా తగ్గకముందే యాదమ్మ పిల్లను పనికి వెంట తీసుకుపోయింది. సిమెంటు దుమ్ములో గోనెపట్టా పరిచి పడుకోబెట్టేదట. ఒక సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చింది. భుజం మీద పిల్ల, దగ్గు ఆగడం లేదు. తెలిసిపోయిందనుకున్నాను.

"అక్కా, మీ బాబు మంచిగున్నడా? నా పిల్ల వాని పక్కపొంటే పండుకుంటుండె. దీనిది వానికి అంటలే గదా?"

"లే... మంచిగనే ఉన్నడు."

"బతికిచ్చినవక్కా. దినాం అదే ఫికర్ నాకు."

అంతే, వెళ్ళిపోయింది. తర్వాతి వారం వాళ్ళ ఖోలీకి తాళం. ధారావి పోయారని కొందరు, ఊరికి పోయారని కొందరు అన్నారు. ఆ దగ్గు తగ్గిందా? పిల్ల బతికిందా? గట్టిగా అడిగితే ఎవరో ఒకరు చెప్పేవాళ్ళే. చెబుతారనే భయంతోనే అడగలేదు.

నా కొడుకు ఇప్పుడు మూడో తరగతి. వాడు హాయిగా పరిగెడుతుంటే సంతోషం వేయాలి కదా, నాకు భయం వేస్తుంది. క్షమించమని ఎవరిని అడగను? అడిగే మొహం లేదు. ఆ సాయంత్రం గుమ్మంలో చెప్పాల్సిన మాట మాత్రం ఇక్కడ చెబుతున్నాను. చెబుతుంటే గుండె కాస్త తేలికవుతోంది, అందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది, అయినా చెబుతున్నాను. యాదమ్మా, ఆ రోగం నీ పిల్ల తేలేదు. నా కొడుకు నుంచే దానికి అంటింది. జ్వరమని తెలిసే పంపాను.