కిందిపల్లెకు చేరని హెచ్చరిక

నిన్న ప్రొద్దుటూరులో వానకు తడిసిన గొర్రెల మంద ఒకటి నన్ను రాసుకుంటూ పోయింది. ఆ తడి బొచ్చు వాసనకు హుసేన్ సార్ గుర్తొచ్చారు. నడిరోడ్డు మీద తల దించుకున్నాను.

ఆయన నా మొదటి పైఅధికారి. జమ్మలమడుగు అవతల ఒక చిన్న డ్యాంకు డిప్యూటీ ఇంజనీరు. నేను కొత్తగా చేరిన అసిస్టెంటును. అవి ఫ్యాక్షన్ రోజులు. డ్యాం దిగువన గొర్రెలు కాసుకునే కిందిపల్లెది ఒక పార్టీ, అక్కడికి జీపు పోయే దారిలో ఉన్న పెద్దూరిది ఇంకో పార్టీ. గేట్లు ఎత్తే ముందు మైకు జీపు కిందిపల్లెకు పోయి హెచ్చరించి రావాలి.

ఒక వానాకాలం సాయంత్రం సారే జీపులో వెళ్ళి, తొందరగా తిరిగొచ్చారు.

"చెప్పారా సార్?" అన్నాను.

"చెప్తిమిలేమ్మా, ఎత్తు" అన్నారు, నా వైపు చూడకుండా. నేను మీట నొక్కాను.

తెల్లవారేసరికి కిందిపల్లెలో ఓబులమ్మ అనే ఆమె మంద మొత్తం కొట్టుకుపోయింది. ఆమె భర్త తుమ్మచెట్టును పట్టుకుని బతికాడు. పెద్దూరి మనుషులు వేటకొడవళ్ళతో అడ్డం నిలబడితే సార్ జీపు వెనక్కి తిప్పించారని డ్రైవరు చెబితే తెలిసింది.

ఆ ఉదయమే సార్ నన్ను తీసుకుని ఏటి గట్టు వెంబడి నడిచి కిందిపల్లెకు వెళ్ళారు. ఒడ్డున పడివున్న గొర్రెల మధ్య నిలబడి, "ఈ పాపకు అబద్ధం చెప్తి. భయపడి జీపు తిప్పుకొని వస్తి. తప్పంతా నాదే" అన్నారు.

"భయం మాకు మాత్రం లేదా సార్?" అంది ఓబులమ్మ. "దినామూ ఆ ఊరి మీదనే పోతాండాం. తిప్పుకోను నీకు జీపుండె. మాకేముంది?"

నేను ఆమె ముఖం చూడలేకపోయాను. గేట్లు ఎత్తింది నా చెయ్యి.

మళ్ళీ వాన పట్టినప్పుడు అదే దారిలో అదే మనుషులు. ఈసారి జీపులో నేనూ ఉన్నాను. సార్ దిగారు.

"ఏంది సార్, మళ్ళా వస్తివి? వాళ్ళకు చెప్పే పనిలేదు."

"వాళ్ళకు చెప్పందే గేట్లెత్తను. నీళ్ళు డ్యాంలోనే నిలబడితే మునిగేది ఎగువనుండే మీ నాయకుని చేనే. పోయి అడిగిరా."

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని పక్కకు తప్పుకున్నారు. ఆ సాయంత్రం కిందిపల్లె మందలన్నీ మిట్టకు చేరాయి.

తిరిగొచ్చేటప్పుడు, "భలే మాట అన్నారు సార్" అన్నాను.

సార్ కండువాతో ముఖం కప్పుకున్నారు. "ఆ పొద్దు కూడా ఈ మాట నాకు తెలుసమ్మా. నోరు రాలే."

ఇప్పుడు ఈ ప్రాంతపు డ్యాముల భద్రత చూసే పని నాది. సైరన్లు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. అయినా దిగువ ఊరి మనిషి "విన్నాం, మిట్టకొచ్చినాం" అని తన నోటితో చెప్పేదాకా గేటు ఎత్తనివ్వను. కుర్ర ఇంజనీర్లు ఎందుకని అడిగితే సార్ ధైర్యం గురించి చెబుతాను. ఓబులమ్మ పేరు మాత్రం ఇంతవరకూ నా నోట రాలేదు.