నర్సింగం కుడిచెయ్యి

సిరిసిల్ల సాంచాల మోతలో నర్సింగం చేసేది చప్పుడు లేని పని. సాంచా అనే ఆ మరమగ్గం మీద పడుగు అయిపోగానే, కొత్త బీముకు చుట్టి వచ్చిన పోగులను పాత కొసలకు ఒక్కొక్కటే మెలేసి అతకాలి. వైపని అంటారు దాన్ని. బూడిద అద్దుకున్న వేళ్లతో అతను అతుకుతుంటే జనం నిలబడి చూసేవారు. ఒకనాడు ఆ వేళ్లలోంచి పోగు జారింది. మాటా ముద్దయింది.

హైదరాబాదులో తలకు, మెడకు ఫొటోలు తీయించాక డాక్టరు విడమరిచి చెప్పాడు. మెడలోని పెద్ద రక్తనాళం ఏళ్ల తరబడి సన్నబడి, మెదడుకు రక్తం తగ్గిందట. "అయితే మెదడు ఊరుకోలేదు. పక్కనున్న చిన్న నాళాలను వెడల్పు చేసుకుంది, సన్నవి కొత్తగా మొలిపించుకుంది. చెయ్యి కొంత తిరిగి రావచ్చు, నెమ్మదిగా. బీడీ మానెయ్, మందులు మానకు."

నర్సింగం తలకెక్కింది ఒక్కటే ముక్క: ఊరుకోలేదు.

సాంచాల యజమాని చంద్రయ్య మాత్రం, "పచ్చవాతం అచ్చినోనికి వైపని ఎందుకే? ఇంటికాడ కూసో," అన్నాడు. జాలిగానే అన్నాడు. ఆ జాలికే నర్సింగానికి ఒళ్లు మండింది. తిట్టుకుంటూనే బీడీ మానేశాడు. చిక్కునూలు ముందేసుకుని నెలల తరబడి వేళ్లతో కుస్తీ పట్టాడు.

వైపనివాళ్లలో ఒక కట్టుబాటుంది. ఒకరు మొదలుపెట్టిన అతుకును ఇంకొకరు ముట్టరు. చెయ్యి మారితే బిగువు మారుతుందని. ఒక పొద్దున చంద్రయ్య రాకముందే నర్సింగం పడుగు అయిపోయిన సాంచా ముందు కూర్చుని అతకడం మొదలుపెట్టేశాడు. చంద్రయ్య వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. ఇక అక్కడ ఇంకొకరిని కూర్చోబెట్టలేడు.

"పొద్దుగూకే వరకు కాకుంటే మల్ల నా గడప తొక్కకు!"

పని సగం దాటాక పోలీసులు వచ్చారు. నక్సలైట్ అన్నల కోసం వెతుకులాట ఆ రోజుల్లో కొత్తేమీ కాదు. సాంచాలు ఆపించి, అందరినీ గోడకు నిలబెట్టి చేతులెత్తమన్నారు. నర్సింగం ఎడమచెయ్యి లేచింది. కుడిది నడుము దగ్గరే ఉండిపోయింది.

తుపాకి అతని వైపు తిరిగింది. "అదెందుకు లేస్తలేదు?"

"పచ్చవాతం సార్! ఆ చెయ్యి ఇగ పనికిరాదు," చంద్రయ్య అడ్డంపడ్డాడు, కాపాడాలనే.

నర్సింగానికి భయం వేసింది. వెయ్యదా మరి? కానీ భయం కంటే ఆ మాట ఎక్కువ కాల్చింది.

"నువ్వు ఊకో చంద్రన్నా! లేస్తది సార్. జర టైం పడ్తది. ఆగుండ్రి."

పోలీసులు ఆగారు. చెయ్యి నడుము దగ్గర్నుంచి కదిలింది. రొమ్ము దాకా వచ్చింది, భుజం దాటింది. బూడిద వేళ్లు తల పైకి చేరేదాకా ఎవరూ కదల్లేదు.

వాళ్లు వెళ్లిపోయాక కూడా నర్సింగం ఆ చెయ్యి దించలేదు.

"సూసినవా, చంద్రన్నా?" అన్నాడు. ఆ చేత్తోనే తర్వాతి పోగు అందుకున్నాడు.